పొగ తగ్గింది, పొయ్యి అదే: ఉలాన్‌బాతర్ చలికాలం చెప్పే లెక్క

జనవరి నెల, తెల్లవారుజాము నాలుగు గంటలు. బయట మైనస్ ముప్పై డిగ్రీలు. ఉలాన్‌బాతర్ శివారు కొండవాలు మీద ఒక గుండ్రటి గుడారపు ఇల్లు. రాత్రి పదింటికి బొగ్గు వేసిన రేకు పొయ్యి ఎప్పుడో చల్లారిపోయింది. తలుపు పక్కన బకెట్లో నీళ్ల మీద సన్నటి మంచుపొర కట్టింది. ఎవరో ఒకరు దుప్పట్లోంచి బయటికి రాక తప్పదు. బూడిద గీకి తీయాలి, పుల్లలు పేర్చి కాగితం ముట్టించాలి, పుల్లలు చిటపటమన్నాక పైన బొగ్గు పెళ్లలు వేయాలి. వేసీ వేయగానే గొట్టంలోంచి పసుపు కలిసిన చిక్కటి పొగ లేస్తుంది. పక్కింట్లోనూ అంతే, ఎదురింట్లోనూ అంతే. ఆ వాలు మీద వేల గొట్టాలు ఇంచుమించు ఒకే సమయానికి పొగ కక్కుతాయి. అరగంటలో ఇల్లు వెచ్చబడుతుంది. ఊరు మాత్రం కనపడదు.

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున, తూల్ నది లోయలో ఉంది. చుట్టూ కొండలు. ప్రపంచంలోని రాజధానుల్లోకెల్లా చలి ఎక్కువ ఉన్నది ఇక్కడేనని చెబుతారు. దేశ జనాభా సుమారు 35 లక్షలైతే అందులో దాదాపు సగం ఈ ఒక్క ఊళ్లోనే ఉంది. ఊళ్లో సగానికి పైగా జనం గెర్ బస్తీల్లో ఉంటారు. గెర్ అంటే చెక్క జాలీ గోడల చుట్టూ గొర్రె ఉన్నిని అదిమి చేసిన మందపాటి గుడ్డ కప్పి కట్టే గుండ్రటి ఇల్లు. మంగోల్ భాషలో ఇల్లు అన్నా అదే మాట. ఈ బస్తీల్లో రెండు లక్షల చిల్లర కుటుంబాలకు ఇంటిని వెచ్చబెట్టే వేడినీటి పైపులు లేవు, ఉన్నది పొయ్యి ఒక్కటే. చలికాలంలో ఊరి మీద కమ్మే ఆ పొగను అక్కడివాళ్లు ‘ఉతా’ అంటారు. 2018 జనవరి 30న ఒక దశలో గాలిలో సన్నటి ధూళి ఘనపు మీటరుకు 3,320 మైక్రోగ్రాములకు చేరింది. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన రోజువారీ పరిమితి 25. అంటే 133 రెట్లు. ఢిల్లీ దీపావళి మర్నాటి అంకెలు చూసి బెంబేలెత్తే మనకు కూడా ఇది ఊహకు అందని సంఖ్య.

ఇంత పొగ ఎందుకు వస్తుంది? బొగ్గు మురికిది కాబట్టి అని సులువుగా చెప్పేస్తారు. అది సగం జవాబే.

భూమిలోంచి తవ్వే బొగ్గును తెలుగులో రాక్షసి బొగ్గు అన్నారు. కట్టె బొగ్గుకూ దానికీ ఉన్న తేడా ఆ పేరులోనే ఉంది. కట్టె బొగ్గులో పొగనిచ్చే పదార్థం తయారీ దశలోనే, ఆవంలోనే పోతుంది. అందుకే ఇస్త్రీపెట్టెలో వేసినా పెద్దగా పొగ రాదు. రాక్షసి బొగ్గులో ఆ పదార్థం అంతా లోపలే ఉంటుంది. పొయ్యిలో పడగానే ముందు దానిలోని తేమ ఆవిరవుతుంది. తర్వాత మూడు, నాలుగు వందల డిగ్రీల దగ్గర తారులాంటి ఆవిర్లు, వాయువులు బయటికి తన్నుకొస్తాయి. అవి మంటకు తగిలితే మండిపోయి వేడినిస్తాయి. తగలకపోతే గొట్టంలోంచి పొగగా పోతాయి. పొగ అంటే కాలకుండా తప్పించుకున్న ఇంధనమే, డబ్బు పెట్టి కొన్న వేడే. ఈ ఆవిర్లు అయిపోయాక మిగిలేది ఎర్రటి కణిక. దానికి పొగ ఉండదు, నెమ్మదిగా, నిలకడగా కాలుతుంది. ఉలాన్‌బాతర్ చుట్టుపక్కల నలైఖ్, బగనూర్ గనుల్లో దొరికేది తేమా, ఆవిర్లూ రెండూ ఎక్కువగా ఉన్న బొగ్గు. పెన్సిల్వేనియాలో దొరికే ఆంత్రసైట్ లాంటి గట్టి బొగ్గులో తొంభై శాతం దాకా కార్బనే కాబట్టి అక్కడి ఇళ్లలో పొయ్యి వెలిగినా గొట్టం మీద పెద్దగా పొగ కనిపించదు.

కాబట్టి బొగ్గు రకం ఎంత ముఖ్యమో, కొత్త బొగ్గును మంటకు పైన వేశారా, కింద వేశారా అన్నదీ అంతే ముఖ్యం. ఎర్రటి నిప్పుల మీద రెండు పారల పచ్చి బొగ్గు కుమ్మరిస్తే పైన మంట ఆరిపోతుంది, కింది వేడికి ఆవిర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. వాటిని కాల్చే మంట పైన ఉండదు. పొయ్యి నింపి పైనుంచి వెలిగిస్తే మంట నెమ్మదిగా కిందికి దిగుతుంది, కింది బొగ్గు వదిలే ఆవిరి మంటలోంచే పైకి రావాలి కాబట్టి చాలావరకు కాలిపోతుంది. అదే బొగ్గు, అదే పొయ్యి అయినా పొగలో తేడా మాత్రం చాలా ఉంటుంది.

సింగరేణి ప్రాంతంలో పెద్దవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. గ్యాస్ సిలిండర్లు రాకముందు కొత్తగూడెం, గోదావరిఖని లాంటి చోట్ల బొగ్గు పొయ్యి మీదే వంట. పొయ్యిని ముందు వాకిట్లో రగిలించి, పొగ పోయి కణికలు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకునేవాళ్లు. పొగ దశ వీధికి, కణిక దశ ఇంటికి అన్నమాట. వీధి సంగతి ఎలా ఉన్నా వంటగది వరకు మంచి ఉపాయమే. అయితే అందులో ఒక మోసం ఉంది. పొగ పోయాకే అసలు ప్రమాదం మొదలవుతుంది. కణిక గాలి చాలకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంట్లో మంట పుట్టదు. మన ఇళ్లకు కిటికీలు, వెంటిలేటర్లు, పెంకుల సందులు ఉండబట్టి దక్షిణాదిన అది పెద్దగా వార్త కాలేదు. ఉత్తరాదిన ప్రతి చలికాలం తలుపులు బిగించి అంగీఠీ (బొగ్గుల కుంపటి) పెట్టుకు పడుకున్న కుటుంబాల వార్తలు వస్తూనే ఉంటాయి. ఈ విషయాన్ని ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి, ఉలాన్‌బాతర్ కథ మలుపు తిరిగేది దీని దగ్గరే.

గెర్‌లోని పొయ్యి పలచటి ఇనుప రేకుతో చేసిన పెట్టె. ఇంటి నడిమధ్య ఉంటుంది. దాని గొట్టం పైకప్పు మధ్యనున్న గుండ్రటి చట్రం (‘తోనో’ అంటారు) గుండా బయటికి పోతుంది. సంచారం చేసే పశుపాలకులకు ఇంతకన్నా సరైన సామాను లేదు. తేలిక, ఒంటె మీద కట్టుకు పోవచ్చు, వెలిగించిన పావుగంటలో ఇల్లంతా వెచ్చన. కానీ రేకు వేడిని దాచుకోదు. మంట ఆరిన గంట, రెండు గంటల్లో పొయ్యి చల్లబడుతుంది, వెంటనే ఇల్లూ చల్లబడుతుంది. రష్యన్ ఇటుక పొయ్యి దీనికి పూర్తిగా ఎదురు. పొగ ఇటుకల మధ్య మెలికలు తిరిగి పోతుంటే ఆ వేడిని గోడ తాగేసి రాత్రంతా మెల్లగా వదులుతుంది. బస్తీల్లో గెర్ పక్కన చెక్కా ఇటుకా కలిపి ఇల్లు కట్టుకున్నవాళ్లు ఇలాంటి వేడి గోడలు కట్టుకుంటారు. గుడారంలో అది కుదరదు. అందుకే రేకు పొయ్యి ఉన్నవాళ్లు రోజుకు రెండు మూడు సార్లు చల్లటి పొయ్యిని మొదటినుంచి వెలిగించాలి. ప్రతిసారీ మళ్లీ అదే పొగ దశ. సాయంత్రం, తెల్లవారుజామున గాలి అంత చెడటానికి ఇదే కారణం. దానికి తోడు చలి రాత్రుల్లో లోయలో కింద చల్లటి గాలి, పైన కాస్త వెచ్చటి గాలి చేరి మూత పెట్టినట్టవుతుంది. నాలుగైదు మీటర్ల ఎత్తున్న గొట్టాల్లోంచి వచ్చిన పొగ ఆ మూత కిందే ఉండిపోతుంది.

ఇదంతా పాత సంప్రదాయమేమీ కాదు. స్టెప్పీ గడ్డి మైదానాల్లో వాళ్లు కాల్చింది ‘అర్గల్’, అంటే మన పిడకలే. నిప్పును పవిత్రంగా చూస్తారు. పొయ్యి వైపు కాళ్లు చాపకూడదు, నిప్పులో చెత్త వేయకూడదు. తండ్రి పొయ్యి చిన్న కొడుక్కి దక్కుతుంది. అలాంటివాళ్ల మనవళ్లు ఈ బస్తీలో బొగ్గు కొనలేని రోజున టైరు ముక్కలు కాల్చారంటే ఆచారం మరిచిపోయి కాదు. కరువు, అంతకన్నా దారుణమైన ‘జుద్’ వారిని ఇక్కడికి తోలాయి. జుద్ అంటే పశువులు గడ్డి అందక, చలికి మందలు మందలుగా చచ్చిపోయే చలికాలం. 2009–10 జుద్‌లో 80 లక్షలకు పైగా పశువులు పోయాయి. మంద పోయిన కుటుంబం గెర్ విప్పి లారీకెత్తి రాజధానికి వస్తుంది. 2003లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం రాజధానిలో 0.07 హెక్టార్ల స్థలం ఉచితంగా సొంతం చేసుకోవచ్చు. మన లెక్కలో ఎనిమిది వందల గజాల పైచిలుకు. చుట్టూ చెక్క దడి కట్టుకుంటే ‘హషా’, అంటే ఇంటి ఆవరణ, తయారు. స్థలం ఇచ్చిన ప్రభుత్వం పైపు ఇవ్వలేదు. హైదరాబాద్ శివారు లేఅవుట్లలో ప్లాటు ముందు, డ్రైనేజీ తర్వాత అన్న కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే, అక్కడ పైపు లేకపోతే మైనస్ ముప్పైలో బతకాలి.

ఒక కుటుంబం చలికాలానికి నాలుగైదు టన్నుల పచ్చి బొగ్గు కాల్చేది. సెప్టెంబర్ మధ్య నుంచి మే మధ్య దాకా ఎనిమిది నెలలు పొయ్యి వెలగాలి. రోజుకు సుమారు ఇరవై కిలోలు. రోడ్డు పక్క సంచుల్లో అమ్మేవాళ్లు. నాలుగు రోజుల కూలి వస్తే నాలుగు సంచులు, లేకపోతే ఒకటి.

మొదట పొయ్యి మార్చాలనుకున్నారు. అమెరికా ప్రభుత్వ సాయంతో 2011 నుంచి దాదాపు లక్ష మెరుగైన పొయ్యిలను భారీ సబ్సిడీ మీద అమ్మారు. వాటిలో టర్కీలో తయారైనవి ఎక్కువ. అవి పైనుంచి వెలిగించే రకం. నింపి, పైన ముట్టించి, వదిలేస్తే పొగ బాగా తగ్గుతుంది. కానీ అర్ధరాత్రి చలికి మెలకువ వచ్చిన మనిషి పొయ్యి పూర్తిగా చల్లారేదాకా ఆగి, బూడిద తీసి, మళ్లీ నింపి పైనుంచి వెలిగించడు. తలుపు తీసి నిప్పుల మీద ఒక పార బొగ్గు వేసి పడుకుంటాడు. అక్కడితో కొత్త పొయ్యి పాత పొయ్యితో సమానం. దీన్ని ‘జనానికి అవగాహన లేదు’ అని నివేదికల్లో రాసుకోవచ్చు. అయితే మనుషులు చలిలో ఎలా ప్రవర్తిస్తారో లెక్కలోకి తీసుకోని పొయ్యిని మంచి పొయ్యి అనడం కష్టం.

తర్వాత బొగ్గు మార్చారు. 2019 మే 15 నుంచి రాజధాని మధ్య జిల్లాల్లో పచ్చి బొగ్గు కాల్చడం నిషేధించారు. దాని బదులు ప్రభుత్వ కంపెనీ దక్షిణ గోబీలోని తవన్ తొల్గోయ్ గని బొగ్గును కడిగి, అచ్చులు పోసి, 25 కిలోల సంచుల్లో సబ్సిడీ ధరకు అమ్మింది. కోడిగుడ్డంత నల్లటి ముద్దలు. ఆవిర్లు తక్కువ, వేడి ఎక్కువ. ఆ ఏడాది చలికాలంలో గాలిలో సన్నటి ధూళి గణనీయంగా, ఇంచుమించు సగానికి తగ్గింది. చాలా ఏళ్ల తర్వాత కొండలు కనపడ్డాయని జనం సంతోషించారు. సల్ఫర్ డయాక్సైడ్ మాత్రం తగ్గకపోగా పెరిగింది. కంటికి కనిపించని దాని మీద పెద్దగా చర్చ జరగలేదు.

అదే అక్టోబర్‌లో మరో వార్త మొదలైంది. కొత్త బొగ్గు వాడిన ఇళ్లలో కొందరు నిద్రలోనే చనిపోయారు. వందల మంది తలనొప్పి, వాంతులతో ఆసుపత్రులకు పరుగెత్తారు. అది కార్బన్ మోనాక్సైడ్. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా దానితో రెండు వందల రెట్లకు పైగా అతుక్కునే గుణం ఉంది. కాస్త పీల్చినా రక్తం మోసే ఆక్సిజన్ తగ్గిపోతుంది.

ఎందుకిలా జరిగిందో చూస్తే ఇందులో ఎవరి తెలివితక్కువతనమూ కనపడదు. పచ్చి బొగ్గు కాల్చే మనిషికి పొగే గడియారం. పొగ ఆగింది, మంట తగ్గింది, ఇక గొట్టంలోని అడ్డురేకు తిప్పేస్తే వేడి బయటికి పోకుండా ఉంటుంది. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని. కొత్త ముద్దలు మొదటినుంచే పెద్దగా పొగ ఇవ్వవు. గట్టిగా అదిమి చేసినవి కాబట్టి పచ్చి బొగ్గు కన్నా ఎక్కువ గంటలు కాలుతాయి. పొయ్యి ఆరిపోయిందనుకుని అడ్డురేకు వేసేసరికి లోపల గుట్టగా కణికలు ఇంకా రగులుతూ ఉంటాయి. గాలి బంద్. పాత రేకు పొయ్యి అతుకుల్లో సందులు, గొట్టం జాయింట్ల దగ్గర చీలికలు, మసి పట్టి సగం మూసుకుపోయిన గొట్టాలు సరేసరి. పచ్చి బొగ్గు రోజుల్లో ఆ సందుల్లోంచి పొగ వచ్చి దగ్గు తెప్పించేది, లేచి తలుపు తీసేవాళ్లు. ఆ పొగ ఊరిని చంపుతూ ఇంటివాళ్లను లేపేది. కొత్త బొగ్గు ఆ హెచ్చరికను తీసేసింది. చివరికి అధికారులు ఇంటింటికీ గ్యాస్ అలారాలు పంచారు, గొట్టాలు తనిఖీ చేశారు. ఈ పని బొగ్గు మార్చకముందే చేయాల్సింది. గొట్టం, పొయ్యి, బొగ్గు మూడూ కలిసి ఒకే యంత్రం. ఒక్కదాన్ని మార్చి మిగతా రెండింటినీ వదిలేస్తే ఏమవుతుందో ఇంజనీర్లకు తెలియని విషయమా?

ఇతర చోట్ల బొగ్గు పొయ్యిలు ఎలా పోయాయో చూస్తే ఉలాన్‌బాతర్ ఇబ్బంది ఇంకా తేటపడుతుంది. లండన్‌లో 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా కమ్మిన పొగమంచుకు నాలుగు వేల మంది చనిపోయారని అప్పట్లో అంచనా. తర్వాతి అధ్యయనాలు 12 వేల దాకా వెళ్లాయి. 1956లో చట్టం వచ్చింది. పొగ లేని మండలాలు ప్రకటించి, ఇళ్లలో నిప్పుగూళ్లు మార్చుకోవడానికి డబ్బిచ్చారు. కానీ ఇంటి బొగ్గును నిజంగా గెంటేసింది 1960ల చివర్లో ఉత్తర సముద్రంలోంచి వచ్చిన చవక గ్యాస్. పోలండ్‌లో క్రాకోవ్ నగరం 2019 సెప్టెంబర్ 1 నుంచి ఇళ్లలో బొగ్గు, కట్టెలు రెండూ నిషేధించింది. అది పనిచేసింది, ఎందుకంటే అంతకు కొన్నేళ్ల ముందునుంచే వేల పాత పొయ్యిలను నగరమే డబ్బు పెట్టి మార్పించింది. అప్పటికే వీధుల్లో గ్యాస్ లైన్లు, వేడినీటి పైపులు ఉన్నాయి. తొందరపడితే ఏమవుతుందో చైనా చూపించింది. 2017లో బీజింగ్ చుట్టుపక్కల పల్లెల్లో బొగ్గు పొయ్యిలు తీసేసి గ్యాస్ పెట్టే పని చలికాలం వచ్చేసరికి సగంలో ఉంది. హెబేయ్ రాష్ట్రంలోని ఒక జిల్లాలో బడిపిల్లలు తరగతి గది కన్నా ఎండలోనే వెచ్చగా ఉంటుందని బయట బల్లలు వేసుకు కూర్చున్నారు. చివరికి ప్రభుత్వమే కొన్నాళ్లు బొగ్గు కాల్చుకోమంది. మంగోలియాకు పక్కనే కాకపోయినా, చలి ఇంత కాకపోయినా, ఇలాంటి బొగ్గు కథే కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లోనూ ఉంది. అక్కడ ఎంబీబీఎస్ చదివే మన తెలుగు పిల్లలకు డిసెంబర్ సాయంత్రాల ఆ వాసన తెలుసు.

ఉలాన్‌బాతర్‌కు ఉత్తర సముద్రం లేదు, గ్యాస్ లైన్లు లేవు. కరెంటు పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. 2017లో బస్తీలకు రాత్రిపూట కరెంటు ఛార్జీ ఎత్తేసి ఆ ప్రయత్నమూ చేశారు. ఒక లెక్క వేసి చూద్దాం. మైనస్ ముప్పైలో ఒక గెర్‌ను వెచ్చగా ఉంచే హీటర్ మూడు కిలోవాట్లు తీసుకుంటుందనుకుంటే రెండు లక్షల ఇళ్లకు ఒకేసారి 600 మెగావాట్లు. మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని సింగరేణి థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ మొత్తం సామర్థ్యం అంత. అంత కరెంటు రాత్రికి రాత్రి పుట్టదు, పుట్టినా బస్తీ స్తంభాల మీది సన్నటి తీగలు మోయలేవు. పైగా ఆ దేశంలో కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే.

ఇక్కడ సులువుగా మార్చగలిగింది ఆ మూడు కిలోవాట్లనే. గెర్ ఉన్ని గుడ్డ, నేల, తలుపు సందులు, తోనో గుండా పోయే వేడిని ఆపితే మూడు కాస్తా రెండో, ఒకటిన్నరో అవుతుంది. అప్పుడు అదే తీగ మోస్తుంది, అదే బొగ్గు సగం చాలుతుంది, అర్ధరాత్రి లేచి నిప్పుల మీద పచ్చి బొగ్గు వేయాల్సిన అవసరమే తప్పుతుంది. యూనిసెఫ్ కొంతకాలంగా చేస్తున్నది ఇదే. గెర్ చుట్టూ కప్పే మందపాటి పొర, నేల కింద పరుపు, తలుపు దగ్గర చిన్న వసారా, వీటితో పాటు కరెంటు హీటర్, కరెంటు పొయ్యి కలిపి ఒక సెట్టుగా ఇస్తోంది. ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించడానికి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు. కొత్త బొగ్గు ఫ్యాక్టరీకి వచ్చినంత ప్రచారం దుప్పటికి రాదు, నిధులూ రావు. పచ్చి బొగ్గు నిషేధానికి ముందే ఈ పని పెద్ద ఎత్తున చేసి ఉంటే ఆ అక్టోబర్ మరణాల్లో కొన్నైనా ఉండేవి కావని అనుకోవడానికి కారణం ఉంది. తక్కువ వేడి సరిపోయే ఇంట్లో అడ్డురేకు మూసి వేడిని దాచుకోవాలన్న ఆత్రం అంతగా ఉండదు.

ఇదే ఊళ్లో సోవియట్ కాలపు అపార్ట్‌మెంట్లు కూడా ఉన్నాయి. వాటికి వేడి థర్మల్ కేంద్రాల నుంచి పైపుల్లో వస్తుంది. అదీ బొగ్గు వేడే, కాకపోతే ఆ పొగ ఎత్తైన చిమ్నీల్లోంచి ఎక్కడో పైన పోతుంది. పాత భవనాల్లో రేడియేటర్‌ను తగ్గించే మర ఉండదు, బిల్లు వాడకాన్ని బట్టి కాక ఇంటి వైశాల్యాన్ని బట్టి వస్తుంది. అందుకని బయట మైనస్ పాతిక ఉన్నా లోపల ఉక్కపోసి బనియన్ మీద తిరుగుతారు, మరీ భరించలేకపోతే కిటికీ తెరుస్తారు. సాయంత్రం ఆరు దాటితే మాత్రం తెరవరు. కొండవాలు మీద పొయ్యిలు వెలిగించే వేళ అది.